గుడివాడ కింద ఒక లోయ

తణుకు, మండపేట, గుడివాడ, కైకలూరు, బంటుమిల్లి, బాపట్ల. ఆర్టీసీ బస్సు బోర్డుల మీద రోజూ చూసే ఈ పేర్లు భూగర్భ శాస్త్రవేత్తల పటాల్లోనూ ఉంటాయి. అక్కడ మాత్రం అవి ఊళ్లు కావు. గుడివాడ, బంటుమిల్లి, మండపేట లోయలు. తణుకు, కైకలూరు, బాపట్ల గట్లు. బల్లపరుపుగా కనిపించే మన వరి నేల అడుగున, ఒండ్రు పొరల కింద, ఎగుడుదిగుడుగా విరిగిన మరో నేల ఉంది.

దాన్ని విరిచింది ఖండాల కదలిక. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయే కాలంలో ఈ అంచు సాగి సాగి పగిలింది. పగుళ్ల మధ్య కొన్ని రాతి ముక్కలు కిందికి జారాయి, కొన్ని మీదే నిలిచాయి. పగులు వెంట ఒక పక్క జారిపోవడాన్నే భ్రంశం అంటారు. దిగిన ముక్క గ్రాబెన్, నిలిచిన ముక్క హార్స్ట్. ఇవన్నీ ఈశాన్యం నుంచి నైరుతికి, ఇంచుమించు నేటి తీరం వెంబడే పరుచుకున్నాయి. పశ్చిమ గోదావరి రైతు ‘మెట్ట’ అనీ ‘డెల్టా’ అనీ విడదీసి చెప్పే గీత కూడా దాదాపు ఆ దిక్కునే సాగుతుంది. విజయవాడ నుంచి ఏలూరు మీదుగా రాజమండ్రి వెళ్లే రైలులో కూర్చుంటే ఒక కిటికీలో మెట్ట, ఇంకో కిటికీలో పల్లం.

అంతకన్నా పాత పగులు ఇంకొకటి ఉంది. ప్రాణహిత కలిసిన దగ్గర్నుంచి గోదావరి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగివచ్చే దారి అదే. సింగరేణి బొగ్గు పేరుకున్నది ఆ పగులులోనే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతాన్ని 5.7 తీవ్రతతో కుదిపిన భూకంపం కూడా ఆ లోయలోదే. ఈ పాత పగులు, తీరం వెంబడి వచ్చిన కొత్త పగులు డెల్టా అడుగున దాదాపు అడ్డంగా కలుస్తాయి. మండపేట దగ్గర చాలా లోతున బొగ్గు కాలపు ఇసుకరాళ్లలోంచి గ్యాస్ రావడం ఆ కలయిక ఫలితమే. భ్రంశం దగ్గర పొరలు తప్పి, ఇసుకరాయికి ఎదురుగా బంకమన్ను రాయి వచ్చి నిలిస్తే గ్యాస్ అక్కడే చిక్కుకుంటుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు కోనసీమ జనం చూసింది నేల అడుగున చిక్కిన గ్యాస్‌నే.

ఇక కొల్లేరు. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ నడుమ, తీరానికి ముప్ఫై అయిదు కిలోమీటర్లు లోపల, అంత పెద్ద మంచినీటి సరస్సు ఎందుకుంది? ఒక సమాధానం నదులది. సుమారు 6 వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా బాగా లోపలికి ఉండేది. రెండు నదులూ చెరో వైపున ఒండ్రు పోసుకుంటూ ముందుకు సాగాయి. మధ్యలో మిగిలిన నీటికి సముద్రం పోసిన ఇసుక మెరకలు అడ్డుపడ్డాయి. అలాంటి పాత తీరపు మెరకలు లోపలి ఊళ్లలో నేటికీ ఉన్నాయి. చుట్టూ వరి మడులుంటే ఇళ్లూ తోటలూ వాటి మీద ఉంటాయి. రెండో సమాధానం అడుగు నేలది. కింద గుడివాడ లోయ ఉంది, అక్కడ మట్టి పొరలు మందం, మందంగా ఉన్నచోట అవి అణిగి నేల కుంగుతుంది.

నాకు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డనిపించవు. మట్టి పోసింది నదులే. కానీ పోసిన మట్టి అన్నిచోట్లా ఒకేలా నిలవదు. కింద గట్టున్నచోట ఒకలా, లోయ ఉన్నచోట ఇంకోలా కుదురుకుంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి చేరేది ఆ పల్లానికే. అక్కణ్నుంచి నీళ్లు సముద్రానికి పోవాలంటే వంకలు తిరిగే ఉప్పుటేరు ఒక్కటే దారి. వాలు తక్కువ, దూరం ఎక్కువ. అది పూడితే నీళ్లు లంక గ్రామాల్లోనే నిలుస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ కాలనీలు మునిగాయి. ఆ ఏటిలో కొంత నీటిని వెలగలేరు దగ్గర కృష్ణవైపు మళ్లించినా దాని సహజమైన దారి కొల్లేరుకే.

కొల్లేరు హద్దు ఐదో కాంటూరా, మూడో కాంటూరా అని ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఆ వాదనలో చేపల చెరువులున్నాయి, పట్టాలున్నాయి, కొల్లేటి మీద బతికే జాలరి కుటుంబాల కూడుంది. అవన్నీ న్యాయంగా తేలాల్సినవే. అయితే కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు. నేల కుంగే చోట ఆ ఎత్తు నిలకడగా ఉండదు. పాత పటంలో గీసిన గీత నేటి నేలకు సరిపోతుందని అనుకోవడం ప్రమాదం. హద్దు తేల్చే ముందు కొల్లేరు చుట్టూ, గ్యాస్ తోడటం వల్ల నేల కుంగే అవకాశమున్న బావుల ఊళ్లలోనూ నేల మట్టాన్ని కొత్తగా కొలవాలి. ఏటేటా మళ్లీ కొలవాలి. ఆ అంకెలు ఆఫీసు బీరువాల్లో కాకుండా గ్రామ సచివాలయం గోడ మీద ఉండాలి.