గని కంపెనీలు, వన్యప్రాణులు, మన పంచాయతీలు

కృష్ణానది పొడవున వాడపల్లి, మట్టంపల్లి, మేళ్ళచెర్వు ప్రాంతములలో సున్నపురాయి నిక్షేపములు కలవు. వానిని ఆధారము చేసికొని పూర్వపు నల్లగొండ జిల్లాలో సిమెంటు కర్మాగారములు పెక్కు వెలసినవి. రాయి తీయు చోటనే పొదలు, వాగులు, పశువులు మేయు బీళ్ళు ఉండును. నెమలి గుడ్లు పెట్టునది ఆ పొదలలోనే. కనుక వన్యప్రాణుల రక్షణకై కంపెనీ ఏమి చేయుచున్నదో పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసియున్నది.

ఇందు రెండు విధములైన సొమ్ము కలదు. మొదటిది పర్యావరణ అనుమతి షరతులను అనుసరించి వెచ్చించునది. నెమలి, ఎలుగుబంటి, చిరుతపులి వంటివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. అట్టివి గని పరిసరములలో నున్నచో ప్రత్యేక సంరక్షణ ప్రణాళిక తయారుచేసి, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని ఆమోదము పొందవలెనని షరతు విధించుట పరిపాటి.

రెండవది 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను క్రింద వచ్చు సామాజిక నిధి. ఏడాదికి 5 కోట్ల రూపాయల నికరలాభము గడించిన కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో కనీసము 2 శాతము ఇందులకు వెచ్చింపవలెను. పరిసర గ్రామములకు ప్రాధాన్యమీయవలెనని చట్టమే చెప్పుచున్నది. అయితే ఏ పని చేపట్టవలెనో నిర్ణయించునది కంపెనీ బోర్డు. పంచాయతీ కోరవచ్చును గాని శాసింపజాలదు. వేరొక చట్టము విధించిన పనిని ఈ నిధి లెక్కలో చూపరాదని 2021 జనవరిలో నిబంధనలు సవరింపబడినవి. షరతు మేరకు త్రవ్విన నీటిగుంట ప్రక్కన సేవాకార్యమని బోర్డు కట్టినచో, అది ఏ ఖాతాలోనిదని అడుగుటకు సభ్యులు సంకోచింపనక్కరలేదు.

పని యొక్క మంచిచెడ్డలు చూచుటకు గ్రామస్థుని మించిన పరీక్షకుడు లేడు. అమ్రాబాదు పులుల అభయారణ్యములో అటవీశాఖవారు వేసవిలో సాసరు గుంటలను నీటితో నింపుచుందురు. మన బీళ్ళలోను గుంట త్రవ్వుట సులభమే; చైత్ర వైశాఖములలో దానిలో నీరున్నదా యన్నది ప్రశ్న. మొక్కల విషయమును అంతే. ప్రహరీ వెంట కోనోకార్పసు వరుసలు పచ్చగా కనబడును గాని, పిట్ట తినదగిన పండొక్కటియు నీయవు. మర్రి, మేడి, నేరేడు, రేగు నాటించుడని కోరవలెను. నాటిన మొక్కల లెక్కకంటె మూడవయేట బ్రతికియున్నవాని లెక్క అడుగుట మేలు.

పర్యావరణ అనుమతి ప్రతిని కంపెనీ పంచాయతీకి పంపవలెను. అందిన నాటినుండి 30 దినములు దానిని ప్రదర్శించుట పంచాయతీ బాధ్యత. అట్టి ప్రతి బీరువాలో పడియున్నదేమో ముందుగా వెదకుడు. లేనిచో కంపెనీని వ్రాతమూలముగా కోరుడు. షరతుల అమలును గూర్చి ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు కంపెనీ అర్ధవార్షిక నివేదిక సమర్పింపవలెను. దానిని తెప్పించి, అందు చెప్పిన గుంటలను, మొక్కలను స్వయముగా పోయి చూచి రావచ్చును.