ప్రతి ఎర్రర్‌కూ ఒక తేదీ

కొన్ని డీటీపీ సెంటర్లలో విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత సిస్టమ్‌ను ఇప్పటికీ పారేయకుండా ఉంచుకుంటారు. పేజీలు పేర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో, అను తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేసిన పాత పుస్తకాల ఫైళ్లను చెక్కుచెదరకుండా తెరవాలంటే అదే దిక్కు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, ఆపైన ఇంకొకటి రాలేదు. వర్క్‌షాపుల్లో, ల్యాబుల్లో కొన్ని యంత్రాలదీ ఇదే కథ. యంత్రం నిక్షేపంలా ఉంటుంది గానీ దాన్ని నడిపే ప్రోగ్రాం ఎక్స్‌పీ దాటి బయటికి రాదు.

అలాంటి సిస్టమ్‌లో ఒకరోజు హార్డ్ డిస్క్ పోతుంది. కొత్త డిస్క్ బిగించి, బీరువాలోంచి పాత సీడీ తీసి ఎక్స్‌పీ వేయడం మొదలుపెడతారు. నీలం తెర మీద తెల్ల అక్షరాలు, ఒక్కొక్క ఫైలూ లోడవుతున్నట్టు అడుగున పేర్లు మారుతుంటాయి. చివరికి ‘సెటప్ ఈజ్ స్టార్టింగ్ విండోస్’ అని పడుతుంది. మరుక్షణం బ్లూ స్క్రీన్. అందులో స్టాప్ అన్న మాట, సున్నాల వరుస, చివర 7బి.

సీడీ పోయిందని ఒకరు, డిస్కే డెడ్ అని ఇంకొకరు తేల్చేస్తారు. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి. కంప్యూటర్ ప్రపంచంలో ఎప్పుడో జరిగిన ఒక మార్పు ఎక్స్‌పీకి తెలియదు, అంతే. పాత ఓఎస్ చూపించే ఎర్రర్లలో చాలావాటి వెనక ఇలాంటి మార్పే ఉంటుంది, దానికో తేదీ ఉంటుంది. ఆ తేదీ తెలిస్తే మందు సగం తెలిసినట్టే.

ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా మైక్రోసాఫ్ట్‌లో రెండు వంశాలు నడిచాయి. ఇళ్లకు విండోస్ 95, 98. ఆఫీసులకు ఎన్‌టీ, దాని వారసుడు విండోస్ 2000. ఎన్‌టీ గట్టిది, తేలిగ్గా పడిపోదు. 98కి ఆటలూ పాటలూ బాగా వచ్చు. ఎన్‌టీ పునాది మీద ఇంటివాళ్లకూ ఆఫీసువాళ్లకూ కలిపి కట్టిందే ఎక్స్‌పీ. దానికి కావలసిన కనీస మెమరీ 64 మెగాబైట్లు, డిస్క్‌లో చోటు గిగాబైటున్నర. ఆనాటి హార్డ్ డిస్క్‌లు వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో మదర్‌బోర్డుకు తగిలించే ఐడీఈ రకం. వాటితో మాట్లాడే డ్రైవర్‌ను ఎక్స్‌పీ సీడీలోనే పెట్టుకుని వచ్చింది.

ఐడీఈ తర్వాత సన్నటి కేబుల్ వాడే సాటా ప్రమాణం 2003లో వచ్చింది. డిస్క్‌ను ఇంకా చురుగ్గా నడిపించే ఏహెచ్‌సీఐ పద్ధతి 2004లో ఖరారైంది. ఆ పద్ధతిని సొంతంగా అర్థం చేసుకున్న మొదటి విండోస్ 2007 జనవరిలో దుకాణాలకెక్కిన విస్టా. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్‌లనే పెద్ద అప్‌డేట్లు మూడు వచ్చినా ఏ ఒక్కదానిలోనూ అందరికీ పనికొచ్చే ఏహెచ్‌సీఐ డ్రైవర్ చేరలేదు.

మరి సీడీ నుంచి అన్ని ఫైళ్లు ఎలా లోడయ్యాయి? అప్పటిదాకా పని చేసింది బయాస్. మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఈ చిన్న ప్రోగ్రాంకి తన డ్రైవులను చదవడం వచ్చు. సెటప్ మొదటి అంకమంతా దాని చెయ్యి పట్టుకునే నడుస్తుంది. ‘స్టార్టింగ్ విండోస్’ అన్న క్షణాన ఎక్స్‌పీ గుండెకాయ లాంటి కెర్నల్ లేచి, ఇక డిస్క్ సంగతి నేనే చూసుకుంటానంటూ సొంత డ్రైవర్లను పిలుస్తుంది. వాటికి ఏహెచ్‌సీఐ రాదు. డిస్క్ అక్కడే ఉన్నా ఆచూకీ దొరకదు. డిస్క్ అందలేదని చెప్పే సంకేతమే 7బి. కొన్ని సిస్టమ్‌లలో బ్లూ స్క్రీన్ రాకుండా, అసలు హార్డ్ డిస్కే లేదన్న సందేశం వస్తుంది. జబ్బు అదే.

దీనికి మైక్రోసాఫ్ట్ ఒక దారి ఉంచింది. సెటప్ మొదలైన కొద్ది సెకన్లలో, వేరే డ్రైవర్ ఉంటే ఎఫ్6 నొక్కమని తెర అడుగున ఒక వరుస మెరుస్తుంది. నొక్కితే డ్రైవర్‌ను ఫ్లాపీలో పెట్టి ఇమ్మంటుంది. సీడీలో, పెన్‌డ్రైవ్‌లో వెతకదు. సాటా డిస్క్‌లు ఇంటింటికీ చేరేసరికి కొత్త క్యాబినెట్లలో ఫ్లాపీ డ్రైవే కనుమరుగైపోయింది! అందుకే ఎన్‌లైట్ లాంటి ప్రోగ్రాంతో ఆ డ్రైవర్‌ను కలిపి కొత్త సీడీ రాసుకునే అలవాటు పుట్టింది. అంతకన్నా సులువైనది బయాస్‌లోకి వెళ్లి సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చడం. కొన్ని బోర్డుల్లో దాన్ని కంపాటిబుల్ అంటారు. అప్పుడు సాటా డిస్క్ ఐడీఈ వేషం కట్టి ఎక్స్‌పీ ముందు నిలబడుతుంది. వేగం కాస్త తగ్గుతుంది గానీ పని జరుగుతుంది.

డిస్క్ కనబడ్డాక, అది చిన్నదిగా కనిపించడం రెండో చిక్కు. 500 జీబీ డిస్క్ పెడితే సెటప్ 137 జీబీ దగ్గర ఆగిపోతుంది. సెటప్ లెక్కించే తీరులో అది 131 వేల మెగాబైట్లు. పాత ఐడీఈ పద్ధతిలో డిస్క్‌లోని ప్రతి సెక్టారుకూ ఇచ్చే చిరునామా 28 బిట్లు. అంటే 26.8 కోట్ల పైచిలుకు సెక్టార్లు. ఒక్కో సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే 137 జీబీ, ఆపైన చిరునామాలు లేవు. 48 బిట్ల చిరునామా 2002లో ప్రమాణమైంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో సర్వీస్ ప్యాక్ 1 దాన్ని ఎక్స్‌పీకి నేర్పింది. కాబట్టి సర్వీస్ ప్యాక్ లేని 2001 నాటి సీడీతో పెద్ద డిస్క్ జోలికి వెళ్లకూడదు. సర్వీస్ ప్యాక్ 2 గానీ 3 గానీ కలిసిన సీడీ వెతుక్కోవాలి. రెండు టీబీ దాటిన డిస్క్‌తో ఏ సీడీ ఉన్నా తంటానే.

మూడోది ఎర్రర్ కూడా చూపించదు. ఎక్స్‌పీ ఎక్కుతుంది, పనిచేస్తుంది, కానీ సిస్టమ్ ఈడుస్తూ నడుస్తుంది. కారణం 63 అనే అంకె. పాత బయాస్ పద్ధతిలో ఒక ట్రాక్‌లోని సెక్టారు నంబరుకు ఆరు బిట్లే కేటాయించారు. లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి 63 దగ్గర ఆగుతుంది. మొదటి ట్రాక్‌ను బూటింగ్ కోసం వదిలేసి, మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టారు దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది. ఎక్స్‌పీ కూడా అదే పాటించింది. 2010 తర్వాతి డిస్క్‌లలో చాలావాటి లోపలి సెక్టారు 4096 బైట్లు, అంటే పాతవి ఎనిమిది కలిపి ఒకటి. 63ను ఎనిమిదితో భాగిస్తే ఏడు మిగులుతుంది. దాంతో ఎక్స్‌పీ ఒకచోట రాశాననుకున్నది డిస్క్‌లో రెండు సెక్టార్ల మీద పరుచుకుంటుంది. ఒక్కసారి రాయాల్సిన చోట డిస్క్ రెండింటినీ చదివి, సరిచేసి, తిరిగి రాయాల్సి వస్తుంది. పార్టిషన్‌ను ముందుగా విండోస్ 7 డీవీడీతో చేసుకుంటే అది 2048వ సెక్టారు నుంచి మొదలవుతుంది. ఎనిమిదితో నిశ్శేషంగా పోతుంది. ఆ పార్టిషన్‌లోనే ఎక్స్‌పీ వేస్తే సరి.

ఇవన్నీ ఎక్స్‌పీకి తెలియని విషయాల వల్ల వచ్చే చిక్కులు. కంప్యూటర్ ముసలితనం వల్ల వచ్చేవి వేరు. ఫైళ్లు కాపీ అవుతుండగా ఫలానా ఫైలు కాపీ కావడం లేదని ఆగిపోతే, మళ్లీ మొదటినుంచి నడిపించి చూడాలి. ప్రతిసారీ అదే ఫైలు దగ్గర ఆగితే అనుమానం సీడీ గీతల మీద. ప్రతిసారీ వేరే ఫైలైతే అనుమానం ర్యామ్ మీద. సీడీలోని ఫైళ్లు కుదించి ఉంటాయి, వాటిని విప్పే పని మెమరీలో జరుగుతుంది. అక్కడ ఒక్క బిట్ తప్పినా ఫైలు చెల్లదు. ర్యామ్ కార్డు ఊడదీసి, బంగారు పూత కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ గట్టిగా నొక్కడం మన మెకానిక్‌ల మొదటి వైద్యం. చాలాసార్లు అది పనిచేస్తుంది. లేకపోతే మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాంను ఒక రాత్రంతా నడిపించి చూడాలి.

సగంలో దానంతట అదే రీస్టార్ట్ అవుతుంటే ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లను చూడండి. పైమూత చదునుగా ఉండాలి. ఉబ్బినా, చీలిక దగ్గర గోధుమరంగు పొక్కు కనిపించినా అవి పోయినట్టే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతటా లక్షల బోర్డులను దెబ్బతీశాయి. ఎక్స్‌పీ వయసు బోర్డుల్లో ఇది సర్వసాధారణం.

సెటప్ ముగిశాక తెలుగువాళ్లకు ఇంకో పని మిగులుతుంది. విండోస్‌లో యూనికోడ్ తెలుగు మొదలైంది ఎక్స్‌పీతోనే. గౌతమి ఫాంటు దానితోపాటే వచ్చింది. అయినా మామూలుగా వేసినప్పుడు ఒత్తులూ గుణింతాలూ పేర్చే ఫైళ్లు ఎక్కవు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న గడిలో టిక్ పెడితే సీడీ మళ్లీ అడుగుతుంది. అందుకని సెటప్ అయిపోయిందని సీడీని అప్పుడే దాచేయకండి.

నెట్ కేబుల్ మాత్రం పెట్టకండి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. 2017 మేలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ దాడి ప్రపంచాన్ని కుదిపినప్పుడు మైక్రోసాఫ్ట్ మూడేళ్ల క్రితం వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. మన ఏటీఎంలలోంచి ఎక్స్‌పీని తీసేయాలని రిజర్వ్ బ్యాంకు 2018లో బ్యాంకులకు గడువు పెట్టింది. పాత ఫైళ్లు తెరవడానికి, యంత్రం నడపడానికి ఎక్స్‌పీ చాలు. ఫైళ్లను పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకోండి, అదీ ముందు వైరస్ చెక్ చేశాకే.

ఇక చివరి జాగ్రత్త. మీరు మార్చిన సాటా మోడ్‌ను చెరిగిపోకుండా చూసేది మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ. రూపాయి బిళ్లంత ఉంటుంది, మూడు వోల్టులు ఇస్తుంది. అది నీరసించిన రోజున గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, బయాస్ సెట్టింగులు మొదటికొస్తాయి. చాలా బోర్డుల్లో మొదటిదంటే ఏహెచ్‌సీఐ. నిన్నటిదాకా బాగా నడిచిన సిస్టమ్ పొద్దున్నే 7బి చూపిస్తుంది. డిస్క్ పోయిందనుకుని మళ్లీ ఫార్మాట్ కొట్టేస్తే ఫైళ్లన్నీ గంగపాలు. అందుకే ఎక్స్‌పీ వేసిన రోజే బ్యాటరీ కూడా మార్చండి. ‘సాటా మోడ్: ఐడీఈ’ అని ఒక చీటీ మీద రాసి, కింద తేదీ వేసి, క్యాబినెట్ మూత లోపలివైపు అంటించండి. మళ్లీ దాన్ని విప్పేది మీరో ఇంకొకరో, ఎవరైనా డిస్క్ మీద చెయ్యి వేసే ముందు అది చదువుకుంటారు.