పెరటి చెట్టు కింద పాఠం

బెంగుళూరు నుంచి బస్సులో వచ్చేవారికి అత్తిబెలె దాటగానే తగిలే మొదటి తమిళనాడు ఊరు జూజువాడి. ఒకప్పుడు విడి పంచాయతీ. ఇప్పుడు హోసూరులో కలిసిపోయింది. ఆ హోసూరేమో 2019లో నగరపాలక సంస్థ అయింది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు, ఇలా నాలుగు భాషలు నోట్లో నానిన పిల్లలు ఇక్కడ ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వీరిలో డిగ్రీ, ఇంజనీరింగు చదివేవారి ఇళ్ళల్లో ఈమధ్య ఒక మాట తరచు వినబడుతోంది. "నాన్నా, ఇంటర్న్‌షిప్పు చెయ్యాలట. దానికి క్రెడిట్లు ఉన్నాయట. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నాన్నగారికి వెంటనే తోచేది బెంగుళూరు. అక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే మేనల్లుడో, బాబాయి కొడుకో గుర్తుకొస్తారు. ఇంటి నుంచి సైకిలు మీద పోగల దూరంలో ఉన్న సిప్‌కాట్ పారిశ్రామికవాడ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు!

ముందు ఈ క్రెడిట్టు సంగతి చూద్దాం. పెద్దవాళ్ళం చదువుకునే రోజుల్లో వేసవి సెలవుల్లో ఏ మామయ్య ఆఫీసులోనో నెల్లాళ్ళు కూర్చుంటే అది అనుభవం కిందే జమ. మార్కుల జాబితాకు ఎక్కేది కాదు. ఇప్పుడు ఎక్కుతోంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అదే మన యూజీసీ, 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డిగ్రీ విద్యార్థి 30 గంటలు పనిచేస్తే ఒక క్రెడిట్టు. అలా 60 నుంచి 120 గంటల పనికి 2 నుంచి 4 క్రెడిట్లు. ఇంజనీరింగు చదువులకు ఏఐసీటీఈ వారి లెక్క వేరు. అక్కడ 40, 45 గంటలకు గాని ఒక క్రెడిట్టు రాదు. నాలుగేళ్ళ చదువులో 600 నుంచి 700 గంటలు బయట పనిచెయ్యాలని వారి సూచన. ఇలా సంపాదించిన క్రెడిట్లు పిల్లవాడి పేరు మీద ఒక ఖాతాలో జమ పడటానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఏర్పాటు 2021లో వచ్చింది.

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ ఒక అడుగు ముందే వేసింది. 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి, మూడేళ్ళ చదువులో 10 నెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తరువాత రెండు నెలలు ఊళ్ళో సామాజిక సేవా ప్రాజెక్టు. ఇంటింటికీ తిరిగి సర్వే చేసి, ఆ ఊరి సమస్య ఒకటి పట్టుకుని నివేదిక రాయాలి. రెండో ఏడాది తరువాత మరో రెండు నెలలు ఏదైనా సంస్థలో. ఆఖరున ఒక సెమిస్టరు మొత్తం పనిలోనే. వ్యవసాయ డిగ్రీ పిల్లలు పల్లెల్లో కాపురముండి రైతుల వెంట తిరిగే పద్ధతి అంతకు చాలాకాలం ముందు నుంచే ఉంది. దాన్నే బీకాం, బీయే పిల్లలకూ తెచ్చారన్నమాట.

ఆంధ్ర సంగతి మనకెందుకు అంటారేమో. కృష్ణగిరి జిల్లా పొలిమేర దాటితే కుప్పం. మనవాళ్ళ పిల్లలు అక్కడికీ వెళతారు, బెంగుళూరుకూ వెళతారు, హోసూరులోనూ చదువుతారు. ఒకే వీధిలో మూడు ఇళ్ళు, మూడు రాష్ట్రాల కాలేజీలు, మూడు లెక్కలు. పక్కింటి అబ్బాయికి చెల్లిన కాగితం మన అమ్మాయికి చెల్లకపోవచ్చు. అందుకే పని వెతకడానికి ముందు ఎన్ని గంటలు, ఎవరి సంతకం, ఏ సెమిస్టరులో అన్నది కాలేజీలో అడిగి రాయించుకోవాలి. చేసిన తరువాత అడిగితే లాభం లేదు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లో 27 మంది ఇంజనీరింగు విద్యార్థులతో కొంతకాలం తరగతి, కొంతకాలం కర్మాగారం అనే ఏర్పాటు మొదలుపెట్టాడు. మన దేశంలో పిలానీలోని బిట్స్ 1973లో ప్రాక్టీస్ స్కూల్ పెట్టింది. అందులో గమనించవలసినది ఒకటుంది. విద్యార్థిని కంపెనీకి వదిలేసి చేతులు దులుపుకోవడం కాదు, అధ్యాపకుడు కూడా అక్కడికి వెళ్ళి చూసి, మార్కులు వేస్తాడు. క్రెడిట్టు అన్న మాటకు బరువు అక్కడి నుంచి వస్తుంది.

హోసూరుకు కూడా ఇలాంటి చరిత్ర ఒకటి ఉంది, దానికి క్రెడిట్టు అనే పేరు లేదంతే. టాటా సంస్థలూ తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి 1984లో టైటాన్ కంపెనీ పెట్టి, గడియారాల ఫ్యాక్టరీని ఇక్కడ కట్టినప్పుడు, చేయి తిరిగిన పనివాళ్ళ కోసం దేశమంతా గాలించలేదు. చుట్టుపక్కల పల్లెల్లో, పట్టణాల్లో పన్నెండో తరగతి ముగించిన అబ్బాయిలను, అమ్మాయిలను తీసుకుని పని నేర్పింది. గడియారం లోపలి భాగాలు అంతకు ముందు చూసి ఎరుగని పిల్లలు వాళ్ళు! అటువంటి ఊళ్ళో ఈనాటి ఇంజనీరింగు విద్యార్థి గేటు లోపల ఏముందో తెలియకుండానే పట్టా పుచ్చుకోవడం విచారించదగ్గ విషయం. ఆడపిల్లను దూరాభారం పంపడానికి జంకే ఇళ్ళకైతే దగ్గరి ఫ్యాక్టరీ వరమే. ఈ జిల్లాలోని టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

మా వాడు కామర్స్, ఫ్యాక్టరీలో వాడికేం పని అంటారా? జూజువాడిలో కామర్స్ పిల్లవాడికి దొరికినంత పాఠం మరెక్కడా దొరకదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేదాకా ఇక్కడి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టు దగ్గర లారీల బారులు చూసినవాళ్ళమే మనం. ఇప్పుడు ఆ పని ఈ-వే బిల్లు అనే కాగితం మీద నడుస్తోంది. ఒక లెక్క చూడండి. సిప్‌కాట్‌లోని చిన్న కంపెనీ 80,000 రూపాయల సరుకును కళ్ళెదుట ఉన్న అత్తిబెలెకు పంపితే అది అంతర్రాష్ట్ర వ్యాపారం. ఐజీఎస్టీ వెయ్యాలి. 50,000 దాటింది కనుక ఈ-వే బిల్లూ కావాలి. అదే సరుకు రాష్ట్రం ఆ చివరనున్న కన్యాకుమారికి పోతే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండు ముక్కలుగా పడతాయి. తమిళనాడు లోపల పరిమితి లక్ష రూపాయలు కాబట్టి మామూలు సరుకుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. తరగతిలో వారం రోజులు చెప్పినా బుర్రకెక్కని ఈ తేడా, ఒక చిన్న కంపెనీ అకౌంట్సు గదిలో రెండు పూటలు బిల్లులు తయారుచేస్తే జన్మలో మరిచిపోరు.

ప్రభుత్వ కార్యాలయాల వైపు మనవాళ్ళు అసలు తొంగి చూడరు. యూజీసీ మార్గదర్శకాలు ప్రభుత్వ శాఖలనూ స్థానిక సంస్థలనూ కాదనలేదు. ఢిల్లీలోని నీతి ఆయోగ్ కూడా ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా విద్యార్థులను తీసుకునే పథకం నడిపింది. జీతం లేదు, పని మాత్రం నిజమైనది. అంత దూరం దేనికి? నగరపాలక సంస్థలో ఆస్తి పన్ను, నీటి కుళాయిల దరఖాస్తులు, చెత్త సేకరణ లెక్కలు ఉన్నాయి. కృష్ణగిరిలో జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది. ఇక్కడ సరిహద్దు తెలుగు పిల్లలకు ఒక సౌలభ్యం కూడా ఉంది. 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయినప్పుడు మన ఇళ్ళల్లో కలిగిన బాధ ఎవరూ మరిచిపోలేదు. అది వేరే చర్చ. కాని ఆ బడుల్లో చదివి వచ్చిన తరానికి తమిళంలో ఫైలు చదవడం వచ్చు, కౌంటరు దగ్గర నిలబడ్డ ముసలమ్మతో తెలుగులో మాట్లాడటం వచ్చు. ఈ రెండూ కలిసినవాడు అటువంటి ఆఫీసుకు ఎంత అవసరమో, లోపల పనిచేసేవారిని అడిగితే చెబుతారు.

ఇక చేదు సంగతి. ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి అయిన చోటల్లా సర్టిఫికెట్ల దుకాణాలు వెలిశాయి. ఇంత రుసుము కట్టండి, ఇంట్లోనే ఉండండి, ఫలానా తేదీకి కాగితం వస్తుంది అని ఫోనులో చెబుతారు. కొందరు తల్లిదండ్రులే, పరీక్షల ఒత్తిడిలో ఉన్నాడు పాపం అనుకుని కట్టేస్తున్నారు. దాని నష్టం వెంటనే తెలియదు. ఉద్యోగం ఇంటర్వ్యూలో "ఆ రెండు నెలల్లో మీరు ఏం చేశారు?" అన్న చిన్న ప్రశ్నకు పిల్లవాడు నీళ్ళు నమిలినప్పుడు తెలుస్తుంది. పని నేర్పుతామని డబ్బు అడిగే చోటును ముందుగా అనుమానించాలని నా అభిప్రాయం. నిజంగా పని ఉన్నవాడు డబ్బు అడగడు, పొద్దున్న ఎన్నింటికి వస్తావని అడుగుతాడు.

డబ్బు మాట వచ్చింది కనుక మరొకటి. కేంద్రం 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 రూపాయలు అని విని చాలామంది తమ పిల్లలకూ వస్తుందనుకున్నారు. అది 21 నుంచి 24 ఏళ్ళ లోపు ఉండి, పూర్తికాలం చదువులో గాని ఉద్యోగంలో గాని లేనివారి కోసం పెట్టినది. కాలేజీ క్రెడిట్టుకూ దానికీ సంబంధం లేదు.

అమెరికాలో పిల్లలున్న సభ్యులకు ఇదే మాట ఇంకా గట్టిగా చెప్పాలి. ఎఫ్-1 వీసా మీద చదివేవారు కాలేజీ ప్రాంగణం బయట ఇంటర్న్‌షిప్పు చెయ్యాలంటే, అది వారి కోర్సులో భాగమని విశ్వవిద్యాలయం ముందుగా సీపీటీ అనుమతి ఇవ్వాలి. అలా పూర్తికాలం పని 12 నెలలు నిండితే, ఆ డిగ్రీ తరువాత రావలసిన ఓపీటీ అవకాశం పోతుంది. అక్కడ క్రెడిట్టు మార్కుల వ్యవహారం మాత్రమే కాదు, దేశంలో ఉండనిచ్చే వ్యవహారం.

మన సంఘం సభ్యుల్లో ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవారు, ఆడిటర్లు, ప్రభుత్వోద్యోగులు ఉన్నారు. కంపెనీలో పిల్లవాడి రోజువారీ పుస్తకం చూసి సంతకం పెట్టే మనిషి దొరకడమే అన్నిటికంటే కష్టం. వేసవిలో వారానికి ఒక సాయంత్రం ఒక్క విద్యార్థి కోసం కేటాయించి, ఆ పుస్తకం చదివి, ఇది ఇలా ఎందుకు చేశావురా అని అడగగలవారు తమ పేరు, తాము చేసిన పని, ఏ భాషల్లో మాట్లాడగలరో ఒక కార్డు మీద రాసి కార్యదర్శికి అందజేయండి. పిల్లలు అడగటానికి మొహమాటపడతారు. వాళ్ళ అమ్మానాన్నలు ఇంకా మొహమాటపడతారు.