పోటు దిగేదాకా ఆగాల్సిందే

న్యూజిలాండ్ దక్షిణ దీవికి ఉత్తరపు కొసన ఏబెల్ టాస్మన్ నేషనల్ పార్కు ఉంది. ఆ దేశంలోని 13 నేషనల్ పార్కుల్లో ఇదే చిన్నది, సుమారు 237 చదరపు కిలోమీటర్లు. మారహౌ అనే ఊరి నుంచి వైనుయి దాకా తీరం వెంట 60 కిలోమీటర్ల కాలిబాట సాగుతుంది. నింపాదిగా నడిస్తే మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. కాసేపు అడవి, మలుపు తిరగ్గానే బంగారు రంగు ఇసుక, మళ్లీ అడవి. ఈ బాట అవారోవా దగ్గర ఒక వెడల్పాటి ఏటి మొగలోకి దిగుతుంది. అక్కడ వంతెన లేదు, చుట్టుదారీ లేదు. నీరు పూర్తిగా వెనక్కి తీసే వేళకు గంటన్నర ముందు మొదలుకొని ఆ తర్వాత రెండు గంటల లోపు దాటెయ్యాలి. ఆ సమయం తప్పితే తర్వాతి ఆటు వచ్చేదాకా ఒడ్డున కూర్చోవాల్సిందే. ఇంత పేరున్న చోట ఇన్నేళ్లుగా ఒక వంతెన వెయ్యలేకపోయారా అని మనవాళ్లకు అనిపించడం సహజం. వెయ్యలేక కాదు. ఇదే బాటలో ఫాల్స్ నది మీద 47 మీటర్ల వేలాడే వంతెన ఉంది. అవారోవాను అలాగే వదిలెయ్యడం మంచి పనేనని, తీరపు పార్కును కాపాడేది ఇలాంటి చిన్న చిన్న అసౌకర్యాలేనని నా వాదన.

ఆ తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా పెద్దపోటు రోజుల్లో నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. మన విశాఖలో అది మీటరున్నరకు కాస్త అటూ ఇటూ. పైగా ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఉదయం పదికి దాటగలిగిన చోటును రేపు పదకొండుకు దగ్గరగా దాటాలన్నమాట. మన జాలర్లకు ఈ లెక్క పుట్టుకతో తెలుసు, పర్యాటకుడికి మాత్రం కొత్త పాఠం. నడిచేవాళ్లు ముందు పోటు పట్టిక చూసుకుని, దాన్నిబట్టి ఏ రాత్రి ఎక్కడ బస చెయ్యాలో తేల్చుకుంటారు. బస చెయ్యడానికి తీరం వెంట ఉన్నవి నాలుగు హట్లు, కొన్ని క్యాంపు స్థలాలు. ఏడాది పొడుగునా ముందుగా బుక్ చేసుకోకుండా వాటిలో ఉండటానికి వీల్లేదు. మంచాలు ఎన్నో రాత్రికి మనుషులు అందరే. మారహౌ నుంచి పార్కు ఉత్తర భాగంలోని తొతరనూయి దాకా తీరాన్ని అంటిపెట్టుకుని మోటారు రోడ్డు లేదు కాబట్టి, సాయంత్రం కారేసుకుని వచ్చి పొద్దుపోయేదాకా పాటలు పెట్టి, సీసాలు వదిలి వెళ్లే పద్ధతికి అక్కడ చోటు లేదు.

ఇదంతా ప్రకృతి దయ, అక్కడ మొదటినుంచీ మనిషి కాలు పెట్టలేదు కాబట్టి అలా మిగిలిందనుకుంటే పొరపాటు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఈ అడవిని కొట్టారు, పశువుల మేత కోసం తగలబెట్టారు. టోంగా బే దగ్గర గ్రానైట్ క్వారీ నడిచింది. ఫారిఫారంగిలో ఇప్పుడు బాటసారులు పడుకునే హట్ ఒకప్పుడు ఓ రైతు ఇల్లు. ఇంగ్లండ్‌లో పుట్టి నెల్సన్‌లో స్థిరపడ్డ పక్షిశాస్త్రవేత్త పెరీన్ మాంక్రీఫ్ పట్టుబట్టి ప్రచారం చెయ్యడం వల్ల, అడవి కొట్టేసిన ఈ నేల 1942 డిసెంబర్ 18న నేషనల్ పార్కు అయింది. డచ్చి నావికుడు ఏబెల్ టాస్మన్ ఈ ప్రాంతానికి వచ్చి అప్పటికి సరిగ్గా 300 ఏళ్లు. అతను ఇక్కడి ఒడ్డున అడుగే పెట్టలేదు. వచ్చిన మరునాడే మావోరీలతో జరిగిన ఘర్షణలో తన మనుషులు నలుగురిని పోగొట్టుకుని వెళ్లిపోయాడు. తరతరాలుగా అక్కడ బతికిన మావోరీ జనం పేరు కాక దిగకుండానే వెళ్లిపోయినవాడి పేరు పెట్టడం విచిత్రమే. చెప్పొచ్చేదేమంటే, నేడు కనిపించే పచ్చదనంలో చాలా భాగం కాలిపోయాక తిరిగి లేచిన అడవి. దాన్ని ఎలుకలూ, ముంగిసలాంటి స్టోట్లూ, చెట్లెక్కే పాసమ్‌లూ పాడుచెయ్యకుండా బోన్లు పెట్టే పని ఇప్పటికీ సాగుతోంది. 2012లో మొదలైన ప్రాజెక్ట్ జాన్‌జూన్ అనే ట్రస్టు 2042ను గడువుగా పెట్టుకుని ఈ పనిలో ఉంది. వదిలెయ్యడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదని ఇక్కడ తెలుస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పార్కు సరిహద్దు పోటునీరు ఆగే గీత దగ్గరే ముగుస్తుంది. ఆటు వేళ బయటపడే ఇసుక చట్టం ప్రకారం పార్కులోది కాదు. ఆ ఇసుకను తర్వాత విడిగా రిజర్వుగా ప్రకటించాల్సి వచ్చింది. పార్కు తీరానికి ఎదురుగా ఉన్న టోంగా దీవి చుట్టూ సముద్రాన్ని 1993లో మెరైన్ రిజర్వు చేశారు. అక్కడ చేపలు పట్టకూడదు. ఆ నీళ్లలో లాబ్‌స్టర్లు బయటకంటే బాగా పెరిగాయని తర్వాతి పరిశీలనల్లో తేలింది. మిగిలిన తీరంలో అక్కడక్కడా ప్రైవేటు భూములున్నాయి. అవారోవాలోని అలాంటి ఏడు హెక్టార్ల ముక్క, దానికి ఆనుకున్న 800 మీటర్ల ఇసుకతీరంతో సహా, 2016లో అమ్మకానికి వచ్చింది. క్రైస్ట్‌చర్చ్‌కు చెందిన ఇద్దరు మామూలు మనుషులు ఇంటర్నెట్‌లో చందాలు అడిగారు. సుమారు 40 వేల మంది కలిసి 20 లక్షల న్యూజిలాండ్ డాలర్లకు పైగా ఇచ్చారు, ప్రభుత్వమూ కొంత కలిపింది. తక్కువైన సొమ్ము తానిస్తానని, బదులుగా ఆ స్థలంలో కొంత తన కుటుంబం వాడుకుంటుందని ఓ సంపన్నుడు ముందుకొస్తే వద్దన్నారు. అదే ఏడాది జూలైలో ఆ తీరం పార్కులో కలిసింది. అందంగా మెరిసే ఈ కథలో చేదు లేకపోలేదు. అందరిదీ కావలసిన తీరాన్ని జనం జేబులోంచి డబ్బు తీసి కొనుక్కోవాల్సి రావడం గొప్ప ఏర్పాటేమీ కాదు. అయినా ఆ 40 వేల మంది కొన్నది హోటళ్లూ దుకాణాలూ లేని ఖాళీ ఇసుకనని గమనించాలి.

రోడ్డు లేకపోతే ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఏమైపోవాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆక్లాండ్‌లోనో వెల్లింగ్టన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మన తెలుగు తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. జవాబు ఆ తీరమే చూపించింది. మారహౌ, దగ్గర్లోని కైతెరితెరిల నుంచి వాటర్ టాక్సీలు నడుస్తాయి. మారహౌలో ఆటు వేళ నీరు చాలా దూరం పోతుంది కనుక జనాన్ని పడవలో కూర్చోబెట్టి, ఆ పడవను ట్రాక్టర్‌తో ఇసుక మీదుగా నీళ్లలోకి లాక్కెళ్తారు. మనకు నచ్చిన తీరంలో దిగి, ఓపిక ఉన్నంత నడిచి, సాయంత్రం తిరుగు పడవ ఎక్కవచ్చు. స్థానికులకు బతుకుతెరువూ అదే. చక్రాల కుర్చీలో వచ్చేవారికి మాత్రం ఈ ఏర్పాటు ఇంకా చాలదు, అది ఒప్పుకోవాలి. ఖర్చు సంగతికొస్తే, పార్కులోకి ప్రవేశ రుసుము లేదు. రాత్రి బసకు మాత్రం 2018 నుంచి విదేశీయులకు హెచ్చు ధర పెట్టారు. నిర్వహణ భారం మోసేది ఆ దేశపు పన్ను చెల్లింపుదారులు కాబట్టి అది అన్యాయమనిపించదు.

అర కోటి జనాభా ఉన్న దేశానికి ఇవన్నీ సాధ్యం, మనకు కుదరవంటారా? తక్కువ మంది ఉన్నచోటే పరిమితి అవసరమైందంటే, ఎక్కువ మంది ఉన్నచోట ఇంకెంత అవసరమో ఆలోచించండి. విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు లాంటిది ఓ మహానగరానికి కావాలి, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ తీరంలో స్నానాల గదులూ లైఫ్‌గార్డులూ ఉండాల్సిందే. తీరమంతా అలాగే ఉండాలనుకోవడం దగ్గరే పేచీ. ఏబెల్ టాస్మన్‌కూ లోపముంది. రాత్రి బసకున్న లెక్క పగటి సందర్శకులకు లేదు, అందుకే జనవరిలో కొన్ని బీచ్‌లు కిటకిటలాడతాయి. అంటే పరిమితి పెట్టినచోట ప్రశాంతత మిగిలింది, పెట్టనిచోట పోయింది.

అక్కడికి వెళ్లాలనుకునేవారికి ఒక మాట. వేసవి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, అప్పుడు రద్దీ. మార్చి, ఏప్రిల్ నెలలు నడకకు హాయి. కుట్టే సాండ్‌ఫ్లైలకు పూత మందు తీసుకెళ్లండి. వాగు నీళ్లు కాచకుండా తాగకండి. ముందు అవారోవా పోటు పట్టిక చూడండి, తర్వాత హట్ బుక్ చేసుకోండి, విమానం టికెట్ ఆఖర్న కొనండి.