పాత దేహం - కొత్త ప్రాణం

‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అని మన సామెత. మానవ స్వభావాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన మాట మరొకటి లేదు. అయినా కొన్ని వస్తువులు ఈ సామెతకు లొంగవు. తాతగారి చేతి గడియారం, అమ్మమ్మ కాపురానికి తెచ్చుకొన్న ఇత్తడి బిందె పాతబడిన కొద్దీ మనసుకు మరింత దగ్గరవుతాయి. ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగంలో ఫ్రాన్సు దేశంలో పుట్టిన చిన్నకార్లకు ఆ దేశప్రజల హృదయాలలో ఇటువంటి స్థానమే ఉంది. నేడు ఆ కార్ల నుండి పెట్రోలు ఇంజనును తొలగించి, దాని స్థానంలో విద్యుత్ మోటారును అమర్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఇది పాత సంపదను కాపాడుకోవడమా, లేక దానిని చేజేతులా చెరపడమా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. దానికి సమాధానం వెదకాలంటే ముందుగా ఆ కార్ల కథను, ఆ మార్పు జరిగే తీరును తెలుసుకోవాలి.

ఆ కార్లలో మొదట పేర్కొనదగినది సిత్రోయెన్ సంస్థ నిర్మించిన 2 సి.వి. ఫ్రెంచి ప్రజలు దీనిని ‘రెండు గుర్రాలు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. వాహనపు పన్నును నిర్ణయించడానికి ఆనాడు వాడిన అశ్వశక్తి లెక్క నుండి ఈ పేరు వచ్చింది. 1930వ దశకంలో సిత్రోయెన్ ఉన్నతాధికారి పియేర్ బులాంజే తన ఇంజనీర్ల ముందు ఒక విచిత్రమైన కోరికను ఉంచాడు. ఇద్దరు రైతులను, 50 కిలోల బంగాళాదుంపలను మోయాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాగాలి. 100 కిలోమీటర్లకు 3 లీటర్ల పెట్రోలుతో సరిపెట్టుకోవాలి. దున్నిన పొలంలో నడిపినా బుట్టలోని కోడిగుడ్లు పగలకూడదు. ఆంద్రే లెఫెవ్ర్ అనే ఇంజనీరు, ఫ్లామినియో బెర్తోనీ అనే ఇటలీ శిల్పి ఈ కోరికకు రూపం కల్పించారు. 1939 నాటికి 250 నమూనా బండ్లు సిద్ధమయ్యాయి. అంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. జర్మను సేనల కంట పడకుండా వాటిలో అనేకం ధ్వంసం చేయబడ్డాయి. కొన్ని మాత్రం దాచిపెట్టబడ్డాయి. చివరకు 1948లో పారిస్ ప్రదర్శనలో ఈ కారు ప్రజల ముందుకు వచ్చింది.

అప్పటి దాని ఇంజను పరిమాణం 375 సి.సి. మాత్రమే, శక్తి 9 అశ్వశక్తి. నీటితో పనిలేకుండా గాలితోనే చల్లబడే రెండు సిలిండర్ల ఇంజను అది. తొలినాళ్ళలో పెట్రోలు ఎంత ఉందో తెలిపే ముల్లు కూడా లేదు. ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవలసిందే. కూర్చునే ఆసనాలను ఊడదీసి చెట్టు నీడన వేసుకొని వనభోజనం చేయవచ్చు. ఇంతటి నిరాడంబరతయే దానికి అలంకారమైంది. 1990లో పోర్చుగల్ లోని కర్మాగారంలో చివరి బండి తయారయ్యేనాటికి, సరకు బండ్లు మొదలైన ఉపరూపాలను కలుపుకొని 50 లక్షలకు పైగా వాహనాలు రోడ్డెక్కాయి. దీనికి పోటీగా రెనో సంస్థ 1961లో ప్రవేశపెట్టిన ‘రెనో 4’ 80 లక్షల సంఖ్యను దాటింది. రైతులు, ఉపాధ్యాయులు, తపాలా ఉద్యోగులు, విద్యార్థులు - వీరందరికీ తొలిసారి కారు ప్రయాణాన్ని అందుబాటులోకి తెచ్చినవి ఈ చిన్న బండ్లే.

కాలం మారింది. ఒకనాడు ప్రగతికి గుర్తుగా నిలిచిన పొగగొట్టం నేడు నేరానికి సాక్ష్యంగా నిలుస్తున్నది. పాత ఇంజనులకు పొగను శుద్ధిచేసే పరికరాలు లేవు. 2016 జూలై నుండి పారిస్ నగరంలో, 1997కు పూర్వం నమోదైన కార్లు పనిదినాలలో పగటివేళ తిరగరాదన్న ఆంక్ష అమలులోకి వచ్చింది. పురాతన వాహనాలుగా ప్రత్యేకంగా నమోదైన వాటికి మినహాయింపు లభించింది. అయితే పాత కారును ప్రదర్శన వస్తువుగా కాక నిత్యజీవితంలో తోడుగా ఉంచుకోవాలనుకొనేవారి ముందు ఒక సమస్య నిలిచింది. దానికి ఒక పరిష్కారంగా విద్యుత్ మోటారు ముందుకు వచ్చింది.

నిజానికి ఫ్రాన్సుకు విద్యుత్ కారు కొత్త కాదు. 1899లో కామీ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు పారిస్ సమీపంలో విద్యుత్ వాహనాన్ని నడిపి, రోడ్డు వాహనంలో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటిన మొదటి మనిషిగా కీర్తి గడించాడు. జర్మనీ ఆక్రమణ కాలంలో పెట్రోలు దొరకని రోజులలో ప్యూజో సంస్థ ‘వి.ఎల్.వి.’ అనే చిన్న విద్యుత్ కారును తయారు చేసింది. అవి 377 మాత్రమే వెలువడ్డాయి. యుద్ధం ముగిసి పెట్రోలు మళ్ళీ ప్రవహించగానే బరువైన సీసపు బ్యాటరీలు మూలపడ్డాయి. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయన్నట్లు, తేలికైన లిథియం బ్యాటరీ రాకతో ఆ మూలపడిన విద్యయే మళ్ళీ ముందు వరుసలోకి వచ్చింది.

ఇక మార్పు జరిగే విధానాన్ని పరిశీలిద్దాం. మొదట ఇంజనును, పెట్రోలు ట్యాంకును, పొగగొట్టాన్ని తొలగిస్తారు. చాలా సందర్భాలలో గేరుబాక్సును మాత్రం యథాస్థానంలో ఉంచుతారు. కొలతల ప్రకారం మలచిన ఒక లోహపు పలక సాయంతో విద్యుత్ మోటారును ఆ గేరుబాక్సుకు బిగిస్తారు. బ్యాటరీ నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తును మోటారుకు తగిన రూపంలోకి మార్చి, చోదకుడు కాలితో నొక్కినంత మేరకే అందించే పరికరాన్ని కంట్రోలర్ అంటారు. దీపాలకు, హారనుకు కావలసిన 12 వోల్టుల విద్యుత్తును అందించడానికి మరొక చిన్న పరికరం ఉంటుంది. పెట్రోలు ఇంజను కొంత వేగం అందుకొన్న తరువాతే బలాన్ని చూపగలదు. విద్యుత్ మోటారు కదలిక మొదలైన క్షణం నుండే పూర్తి బలంతో తిరుగుతుంది. అందువల్ల మాటిమాటికీ గేర్లు మార్చవలసిన అవసరం తగ్గుతుంది. వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి చేర్చగలదు.

ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న లెక్కను గమనించాలి. 2023లో రెనో సంస్థ, ఆర్-ఫిట్ అనే సంస్థతో కలిసి పాత రెనో 4 కోసం ఒక పరికర సముదాయాన్ని ప్రకటించింది. దానిలోని బ్యాటరీ సామర్థ్యం 10.7 కిలోవాట్-గంటలు, అంటే మన ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లలో పదిన్నరకు కొంచెం ఎక్కువ. ఒక లీటరు పెట్రోలులో దాగిన ఉష్ణశక్తి సుమారు 9 యూనిట్లు. అనగా ఆ బ్యాటరీలోని శక్తి ఒక లీటరు పెట్రోలు కంటే స్వల్పంగానే అధికం! అంతమాత్రం పెట్రోలుతో పాత కారు దాదాపు 20 కిలోమీటర్లు పోగలదు. బ్యాటరీతో మాత్రం 80 కిలోమీటర్లు పోవచ్చునని తయారీదారులు తెలిపారు. ఈ వ్యత్యాసానికి కారణం స్పష్టం. పెట్రోలు ఇంజను తనకందిన శక్తిలో సుమారు నాల్గవ వంతును మాత్రమే చలనంగా మార్చి, మిగిలినదంతా వేడిరూపంలో గాలికి వదిలివేస్తుంది. విద్యుత్ మోటారు పదింట తొమ్మిది వంతులను చలనంగా మార్చగలదు. పైగా ఫ్రాన్సులో ఉత్పత్తయ్యే విద్యుత్తులో సుమారు మూడింట రెండు వంతులు అణుకేంద్రాల నుండి వస్తున్నందువల్ల, ఆ విద్యుత్తు వెనుక బొగ్గు పొగ కూడా చాలా తక్కువ.

అయితే లాభం ఉన్నచోట చిక్కులూ ఉంటాయి. 2 సి.వి.లో ముందు, వెనుక చక్రాల స్ప్రింగులు పరస్పరం అనుసంధానమై ఉంటాయి. కోడిగుడ్ల రహస్యం అక్కడే ఉంది. బ్యాటరీల బరువును ఒకేచోట మోపితే ఆ సమతూకం దెబ్బతింటుంది. బరువు పెరిగితే పాత బ్రేకులు చాలవు. చలికాలంలో కారు లోపలికి వెచ్చదనం అందేది ఇంజను వేడి నుండే. ఇంజనే లేనప్పుడు విద్యుత్ హీటరును అమర్చుకోవాలి. అది బ్యాటరీలో కొంత భాగాన్ని తినివేస్తుంది. కనుక ఈ పని ఇష్టం వచ్చినట్లు చేయదగినది కాదు. ఫ్రాన్సు ప్రభుత్వం 2020 మార్చి 13 నాటి ఉత్తర్వుతో దీనికి ఒక క్రమాన్ని ఏర్పరచింది. కారు ఐదు సంవత్సరాలు దాటినదై ఉండాలి. అమర్చే సామగ్రి ప్రభుత్వ పరీక్షలో నెగ్గాలి. అర్హత పొందిన సంస్థయే దానిని బిగించాలి. వాహనపు బరువు నిర్ణీత పరిమితిని దాటకూడదు.

చట్టం అంగీకరించినంత మాత్రాన వివాదం ముగియలేదు. పురాతన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2019లో తన అభిప్రాయాన్ని సూటిగా ప్రకటించింది. బాహ్యరూపం ఒక్కటే వాహనాన్ని చారిత్రకం చేయదనీ, మొత్తం నిర్మాణ విధానంలోనే చరిత్ర ఉంటుందనీ, ఇంజనును మార్చిన వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణించలేమనీ దాని వాదన. ఒకవేళ మార్పు చేయదలిస్తే, తిరిగి పూర్వస్థితికి తేగల రీతిలోనే చేయాలనీ, తీసిన భాగాలన్నింటికీ గుర్తులు వేసి భద్రపరచాలనీ అది సూచించింది. ఈ వాదనలో బలం ఉంది. 1994లో ఫ్రాన్సులో ఒక పాత కట్టడంలో 1939 నాటి నమూనా బండ్లు మూడు బయటపడ్డాయి. వాటి తుప్పు కూడా చరిత్రే. అటువంటి వాటిని ముట్టుకొంటే తాళపత్ర గ్రంథంలోని అక్షరాలను చెరిపి కొత్త పద్యాలు రాసినట్లవుతుంది.

కానీ లక్షల సంఖ్యలో తయారైన బండ్లన్నీ తాళపత్రాలు కావు. ఇంజను చెడిపోయి, బాగుచేసే దిక్కులేక, ఇనుప తుక్కుగా కరిగిపోనున్న కారుకు మోటారును అమర్చితే ఒక కొత్త కారును తయారుచేసేందుకు కావలసిన ఉక్కు, శ్రమ, ఇంధనం మిగులుతాయి. మన పెద్దలు శిథిల దేవాలయాలకు జీర్ణోద్ధరణ చేసేటప్పుడు మూలవిరాట్టును కదపలేదు. కూలిన ప్రాకారాన్ని మాత్రం కొత్త రాతితో కట్టారు. ఏది మూలవిరాట్టో, ఏది ప్రాకారమో తెలుసుకోవడమే వివేకం.

దేహం జీర్ణమైతే ఆత్మ దానిని విడిచి మరొక దేహాన్ని ధరిస్తుందని భగవద్గీత బోధిస్తుంది. ఇక్కడ జరుగుతున్నది దానికి విపర్యయం. దేహం నిలిచి ఉంది, ప్రాణం మారుతున్నది. ఆ ఇంజను చేసే టపటప శబ్దం వినిపించనప్పుడు ‘ఇది మా నాన్నగారి కారేనా?’ అని ఒక కుమారుడు సందేహించవచ్చు. అదే కారులో తన మనుమరాలిని పొగ లేకుండా బడికి తీసుకొనిపోతూ అతడే సంతోషించవచ్చు. ఆ రెండు భావాలూ సత్యాలే. గతాన్ని గౌరవించడమంటే దానిని అద్దాల పెట్టెలో బంధించడం మాత్రమే కాదు. భవిష్యత్తు కోసం గతాన్ని తుడిచివేయడమూ కాదు. తీసిన ఇంజనును పారవేయక, గుర్తులు వేసి, నూనె రాసి, భద్రంగా దాచి ఉంచే యజమాని ఈ రెండింటికీ న్యాయం చేసినవాడవుతాడు. రేపటి తరం తిరిగి అడిగితే ఇవ్వడానికి వీలుగా నిన్నటి సంపదను దాచడమే నిజమైన సంరక్షణ.