ఇంటిపేరు స్పెల్లింగులో మతం ఉండదు

ఉత్తర ఐర్లాండ్‌లో ఇంటిపేరు వినగానే ఆ మనిషి కేథలిక్కా, ప్రొటెస్టెంటా అని లెక్కగట్టే అలవాటు పాతది. అది ఊసుపోక ఆడుకునే ఆట కాదు. మతాన్ని బట్టి కొలువులు దక్కడం, చేజారడం ఎంతగా ఉండేదంటే, ఉద్యోగాల్లో మతవివక్షను నిషేధిస్తూ 1976లో చట్టమే తేవలసి వచ్చింది.

అపోహ: ‘మాక్’ను ఎం, సి అనే రెండు అక్షరాలతో రాస్తే ఐరిష్ కేథలిక్కులు, నడుమ ‘ఏ’ చేర్చి రాస్తే స్కాట్లండ్ ప్రొటెస్టెంట్లు.

వాస్తవం: రెండూ ఒకటే. గేలిక్ భాషలో మాక్ అంటే కొడుకు. ఆ మాట ఐర్లాండ్‌లోనూ ఉంది, స్కాట్లండ్‌లోనూ ఉంది. రెండు అక్షరాల రూపం దానికి పొట్టిరాత, అంతే. గేలిక్ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోకి ఎక్కించినవాళ్లు చెవిన పడ్డట్టు రాశారు. చెప్పేవారిలో చాలామందికి చదువు రాదు కాబట్టి దిద్దేవారూ లేరు. అందుకే ఒకే మనిషి పేరు బాప్తిస్మం పుస్తకంలో ఒకలా, పెళ్లి పుస్తకంలో మరోలా కనిపిస్తుంది. ఈ గందరగోళంలో రిజిస్ట్రారులకు దారి చూపడానికి రాబర్ట్ మాథెసన్ అనే ఉన్నతాధికారి ఐరిష్ పేర్ల రూపాంతరాలను పోగుచేసి పుస్తకమే వేశాడు. 1901 నాటి ఆ కూర్పు ఇప్పటికీ పనికొస్తోంది. కెల్లీలో అదనంగా ‘ఈ’ ఉన్నా, స్మిత్‌లో ‘ఐ’ బదులు ‘వై’ ఉన్నా ఇదే సంగతి. రెడ్డి చివర ‘వై’ రాసినా ‘ఐ’ రాసినా మనకు తేడా ఏముంది?

అపోహ: ఓబ్రయన్‌లోలా ఇంటిపేరు ముందుండే ‘ఓ’ను వదిలేసినవాళ్లు మతం మారినవాళ్లు.

వాస్తవం: ఇంగ్లిష్ పాలన ఒత్తిడిలో 17, 18 శతాబ్దాల్లో ‘ఓ’, ‘మాక్’ వదులుకున్న కుటుంబాల్లో అత్యధికులు కేథలిక్కులుగానే ఉండిపోయారు. 1893లో ఐరిష్ భాషా పునరుద్ధరణ కోసం గేలిక్ లీగ్ పుట్టాక చాలామంది వాటిని తిరిగి తగిలించుకున్నారు. మరోవైపు 1848 తిరుగుబాటు నాయకుడు విలియం స్మిత్ ఓబ్రయన్ ప్రొటెస్టెంటు. 1963 నుంచి 1969 దాకా ఉత్తర ఐర్లాండ్ ప్రధానిగా ఉన్న, బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనే యూనియనిస్టు టెరెన్స్ ఓనీల్ కూడా అంతే. బ్రిటన్ పేర్లున్న ఐరిష్ జాతీయవాద నాయకులు జెర్రీ ఆడమ్స్, జాన్ హ్యూమ్ కేథలిక్కులు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. 1609 తర్వాత ఐర్లాండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్‌కు వలస వచ్చిన స్కాటిష్, ఇంగ్లిష్ కుటుంబాల్లో ప్రొటెస్టెంట్లే ఎక్కువ. కనుక పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కొంత ఊహించవచ్చు. మతాంతర వివాహాలు ఆ ఊహనూ తలకిందులు చేస్తాయి. స్పెల్లింగు మాత్రం ఏమీ చెప్పదు.

పూర్వీకుల మతం తెలుసుకోవాలంటే 1901, 1911 జనగణన పత్రాలు చూడండి. ఐర్లాండ్ జాతీయ పురాభిలేఖాగారం వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. మతానికి అందులో ప్రత్యేకంగా గడి ఉంది. వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగు దగ్గరే ఆగిపోకండి.