ఆస్ట్రేలియా పల్లెల్లో సర్కారు వారి వింతలు

సరుకుల కోసం మనం అంగడికి వెళ్తాం. అంగడే మన గుమ్మంలోకి వస్తే? ఆస్ట్రేలియాలో వచ్చింది, అదీ రైలెక్కి! పేరు ‘టీ అండ్ షుగర్’. నల్లార్బార్ ఎడారి మైదానంలో పట్టాలు కాపాడే కార్మికుల కుటుంబాలకు 1917 నుంచి 1996 దాకా సరుకులు, నీళ్లు, జీతాలు మోసుకెళ్లిన సర్కారు బండి అది. ఒక పెట్టెలో కిరాణా కొట్టు, ఇంకో పెట్టెలో మాంసం కొట్టు. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ తాత కూడా అందులోంచే దిగేవాడు!

ఆ బండి నడిచిన దారి సంగతి మీకు తెలుసా? ఏకంగా 478 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా లేదు. ప్రపంచంలో ఇంత పొడవైన తిన్నని రైలుమార్గం ఇంకెక్కడా లేదు. 1901లో ఆరు బ్రిటిష్ వలస రాజ్యాలు కలిసి ఒక దేశంగా ఏర్పడేటప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా వెనకాడింది. దాన్ని ఒప్పించడానికి చూపిన ఆశే ఈ రైలు. దేశాన్ని కుట్టిన దారం ఎంత తిన్నగా ఉందో చూశారా!

నీళ్లు 530 కిలోమీటర్లు ఎగువకు ఎక్కుతాయా? ఎక్కాయి! పెర్త్ దగ్గరి ముండారింగ్ ఆనకట్ట నుంచి బంగారు గనుల ఊరు కాల్‌గూర్లీ దాకా ఉక్కు గొట్టం వేసి, దారిలో ఎనిమిది చోట్ల ఆవిరి పంపులు పెట్టారు. 1903 జనవరిలో నీళ్లు చేరాయి. కానీ ఆ పథకం రూపొందించిన ఇంజినీరు సి.వై. ఓకానర్ ఆ నీటిని చూడలేదు. పత్రికల్లో, చట్టసభలో కురిసిన నిందలు భరించలేక, పది నెలల ముందే ప్రాణం తీసుకున్నాడు. ఆయన పథకం మాత్రం నేటికీ ఊళ్లకు, పొలాలకు, గొర్రెల మందలకు నీళ్లు తాగిస్తూనే ఉంది.

ఆస్ట్రేలియాకు తర్వాత మూడుసార్లు ప్రధాని అయిన ఆల్‌ఫ్రెడ్ డీకిన్ సేద్యపు కాలువల గురించి తెలుసుకోవడానికి ఎక్కడికి వచ్చాడో మీకు తెలుసా? మన దేశానికే! 1890లో బయల్దేరి వచ్చి, మన కాలువల మీద 1893లో ఏకంగా ఒక పుస్తకం వేశాడు.

ఒక్క బడి ఎంత మేర విస్తరించగలదు? ఆలిస్ స్ప్రింగ్స్‌లోని ‘స్కూల్ ఆఫ్ ది ఎయిర్’ పరిధి 13 లక్షల చదరపు కిలోమీటర్లు! రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి దాదాపు 2.75 లక్షలే. 1951లో రేడియోలో మొదలైన పాఠాలవి. ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య వందల కిలోమీటర్లు. పక్కవాడి పలక చూసి రాయడం మాత్రం కుదరని పని!

అడవిలో జ్వరం వస్తే? 1928లో క్లాన్‌కరీలో మొదలైన ఎగిరే డాక్టర్ల సేవ ఉంది. చర్చి వాళ్లు మొదలుపెట్టారు, నేడు అధిక భాగం ఖర్చు ప్రభుత్వాలదే. దూరపు పశువుల క్షేత్రాల్లో వాళ్లు ఒక మందుల పెట్టె ఉంచుతారు. అందులో ప్రతి మందుకూ ఒక నంబరు. నోరు తిరగని పేర్లతో పని లేదు. డాక్టరు దూరం నుంచే ఫలానా నంబరు మాత్ర వెయ్యమంటాడు, ఇక్కడ వేసేస్తారు. అంకెలు వస్తే చాలు, ప్రాణం దక్కినట్టే!

ఇక స్నోయీ జలవిద్యుత్ పథకం. 1949 నుంచి 1974 దాకా సాగింది. 16 ప్రధాన ఆనకట్టలు, 7 విద్యుత్ కేంద్రాలు, 145 కిలోమీటర్ల సొరంగాలు. ముప్పైకి పైగా దేశాల నుంచి లక్ష మంది పనిచేశారు. కొన్నేళ్ల క్రితం యుద్ధంలో ఒకరినొకరు కాల్చుకున్న దేశాల వాళ్లు ఇక్కడ పక్కపక్కనే కొండ తవ్వారు! 121 మంది తిరిగి ఇంటికి వెళ్లలేదు. ఈ పథకం కింద అడమినబీ ఊరు ముంపులో చిక్కితే వందకు పైగా కట్టడాలను ఎత్తి, లారీల మీద పెట్టి, కొత్త చోటికి తరలించారు. మనవాళ్లు ఇల్లు మారడమంటే సామాన్లు సర్దుకుంటారు, అక్కడ ఇంటినే సర్దేశారు. అలా ఏర్పడిన యూకంబీన్ జలాశయంలో తొమ్మిది సిడ్నీ హార్బర్ల నీళ్లు పడతాయి!

ఒక పురుగు పేరు మీద సభాభవనం ఉందని మీకు తెలుసా? సైనికుల ఎర్రకోట్లకు రంగునిచ్చే పురుగుల్ని పెంచాలని 1788లో నాగజెముడు తెచ్చారు. రంగు సంగతి అటుంచితే, ఆ జాతి ముళ్లు 6 కోట్ల ఎకరాలను మింగేశాయి. రైతులు ఇళ్లు వదిలి పోయారు. 1925లో అర్జెంటీనా నుంచి ‘కాక్టోబ్లాస్టిస్’ అనే చిమ్మెట గుడ్లు 2,750 తెప్పించారు. ఏడెనిమిదేళ్లలో వాటి సంతానం ఆ ముళ్ల అడవిని తినేసింది! 1936లో బూనార్గా ఊరివాళ్లు కృతజ్ఞతగా ‘కాక్టోబ్లాస్టిస్ మెమోరియల్ హాల్’ కట్టుకున్నారు. కళ్లారా చూడాల్సిన కట్టడం నా లెక్కలో ఇదే.

ఆ ఉత్సాహంలోనే 1935లో చెరకు పెంకుపురుగుల మీదికి హవాయి నుంచి వందకు పైగా గోదురుకప్పల్ని దించారు. పురుగులేమో చెరకు గడల పైన, కప్పలేమో నేల మీద! పురుగులు క్షేమం. కప్పలు ఇప్పుడు 20 కోట్లని అంచనా!

ఈమూల మీదికి సైన్యాన్ని పంపిన సంగతి? 1932లో పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ చేలమీద దాదాపు 20 వేల ఈమూలు పడ్డాయి. ఆ రైతుల్లో చాలామంది సర్కారు భూమి ఇచ్చి స్థిరపరచిన మాజీ సైనికులే. రెండు మెషిన్ గన్లు, 10 వేల తూటాలు వచ్చాయి. గెలిచింది ఈమూలు! ఈమూ ఫారాలు పెట్టి చేతులు కాల్చుకున్న మన రైతులకు ఆ పక్షి మొండితనం కొత్తగా చెప్పాలా?

మద్దతు ధర మనకే ఉందనుకున్నారా? ఉన్నికి వాళ్లూ ఇచ్చారు, కిలోకు 870 సెంట్ల దాకా. కొనేవాళ్లు తగ్గినా వెంటనే ధర తగ్గించలేదు. 1991లో పథకం కూలేసరికి గోదాముల్లో 47 లక్షల బేళ్లు! అమ్ముకోవడానికి పదేళ్లు పట్టింది.

ఇంతకీ ఆ నేల ఎవరిది? 1966లో నార్తర్న్ టెరిటరీలోని వేవ్ హిల్ పశుక్షేత్రంలో గురింజి ఆదివాసీ తెగ వాళ్లు విన్సెంట్ లింగియారి వెంట పని మానేసి బయటికి నడిచారు. చాలీచాలని కూలీ, పిండి, చక్కెర, టీ ఆకు ఇచ్చి, వాళ్ల నేలమీద వాళ్లచేతే చాకిరీ చేయించుకున్నారు మరి. తమ నేల తమకివ్వమని తొమ్మిదేళ్లు పట్టుబట్టారు. 1975 ఆగస్టు 16న ప్రధాని గాఫ్ విట్లమ్ స్వయంగా వచ్చి లింగియారి అరచేతిలో మట్టి పోశాడు. ఆ ఫొటో రెండోసారి తీసిందని మీకు తెలుసా? పందిరి కింద వెలుతురు చాలలేదని ఆదివాసీ ఫొటోగ్రాఫర్ మెర్విన్ బిషప్ ఇద్దర్నీ ఎండలోకి రమ్మన్నాడు. ప్రధాని కిక్కురుమనకుండా వచ్చి మళ్లీ పోశాడు! మరుసటి ఏడాదే భూమి హక్కుల చట్టం వచ్చింది. నేడు నార్తర్న్ టెరిటరీ నేలలో దాదాపు సగం ఆదివాసులదే.

చివరిగా మన ఇంటి కబురు. క్వీన్స్‌లాండ్ ఎండకు, గోమార్లకు యూరప్ పశువులు సొమ్మసిల్లుతుంటే 1933లో ప్రభుత్వ పరిశోధన మండలి, కొందరు పశువుల రైతులు కలిసి అమెరికా నుంచి బ్రాహ్మన్ జాతి పశువుల్ని దించారు. మూపురం చూసి తోటి రైతులు ముఖం చిట్లించారు. ఇవాళ ఉత్తర ఆస్ట్రేలియా మందల్లో ఎక్కువభాగం ఆ రక్తమే. ఆ బ్రాహ్మన్ జాతిని పుట్టించిన భారతీయ జాతుల్లో ఒకటి ఏదో మీకు తెలుసా? విదేశీయులు ‘నెల్లూరు పశువు’ అని పిలిచే మన ఒంగోలు గిత్త!